పంక్తినుండి లేపుట

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున వంకాయల కథ యొకటి కలదు. బసవేశ్వరుని యింట నిత్యము జంగమారాధనము జరుగుచుండెను. లింగధారులకు అచట అడుగకయే అన్నము దొరకును. ఆ సంగతి యెరిగి, లింగము లేనివారు వంకాయలను గుడ్డలో చుట్టి మెడలో కట్టుకొని భక్తులలో కలసి వచ్చిరి. బసవన్న వారిని కూడ లింగభావముతోనే చూచెను. ఆ వంకాయలు లింగములయ్యెనని పురాణము చెప్పుచున్నది.

పురాణప్రవచనములలో దీనిని మహిమగా వర్ణించుట వాడుక. కాయ లింగమగుట వింతయే, కాదనువారు లేరు. అయితే ఆ వింతకు ముందుగా జరిగిన పని యొకటి కథలోనే కలదు. ప్రవచనకర్తలు దానిని త్వరగా దాటిపోవుదురు. బసవన్న మూట విప్పి చూడలేదు. నిజముగా లింగమున్నదా, లేదా యని వాకిట నొక మనిషిని నిలిపి పరీక్షింపనూ లేదు. మహిమ శివునిది, మూట విప్పకుండుట మాత్రము బసవన్నది. మహిమ చేయుట భక్తులకు శక్యము కాదు. మూట విప్పకుండుట శక్యమే.

ఇక నొక దృశ్యమును ఊహింపుడు. అక్షయతృతీయ, బసవజయంతి. ఒక పట్టణమందలి మఠములో దాసోహము. విస్తళ్ళు పరచినారు, నీళ్ళు చల్లినారు, పప్పు వడ్డించువాడు పంక్తి మొదటికి వచ్చినాడు. ఆ పంక్తిలో ఇద్దరు కూర్చున్నారు. ఒకడు ఆ ఊరి వీరశైవుల ఇంటి పిల్లవాడే. అతని తాత వెండి భరిణెలోని ఇష్టలింగమును ప్రాణము పోవువరకు వీడలేదు. మనుమడు మాత్రము మెడలో ఏమియు ధరింపడు. దేవుడున్నాడని తనకు తోచుట లేదని దాచుకొనక చెప్పును. తల్లి రమ్మన్నందున వచ్చినాడు. రెండవవారు సంతలో అంగడి అంగడికి తిరిగి చప్పట్లు చరచి నాలుగు రూపాయలు అడుగుకొను హిజ్రా. ఆకలియై వచ్చినారు, నుదుట విభూతిరేఖలు చక్కగా తీర్చుకొని వచ్చినారు.

పంక్తి చివరినుండి ఒక పెద్దమనిషి లేచి వచ్చును. ఎవరి మనస్సును నొప్పింపదలచనివానివలె ఆ యువకుని చెవిలో, “నాయనా, నీవు తరువాతి పంక్తిలో కూర్చుందువుగాని” యనును. రెండవవారితో అంత మెల్లగా మాటలాడడు. “లే, లే. బయట పెట్టింతుము” అనును. ఇరువురును లేతురు. పప్పు వడ్డించువాడు వారి విస్తళ్ళను దాటి ముందుకు పోవును. ఇందులో క్రూరత్వమున్నదని ఎవరికిని తోచదు. ఆచారమని తోచును.

ఇది ఊహించిన దృశ్యమే. ఇట్టిది తన ఊర ఎన్నడును జరుగలేదని చెప్పగల పాఠకుడున్నచో అతడు ధన్యుడు.

వారిద్దరు చేసిన అపరాధమేమి? యువకుని సంగతి ముందు చూడవలెను. అతనిని నాస్తికుడందురు. ఈ మాటను తిట్టుగా వాడుట అందరికిని తెలియును గాని, దాని చరిత్ర అందరికిని తెలియదు. పాణిని తన అష్టాధ్యాయిలో ఆస్తిక, నాస్తిక శబ్దములను ‘ఉన్నది’, ‘లేదు’ అను బుద్ధిని బట్టి సాధించెను. ఉన్నది యేమి, లేనిది యేమి యన్నచో పరలోకమని వ్యాఖ్యాతలు పూరించిరి. మనువు దృష్టిలో నాస్తికుడు వేదమును నిందించువాడు. ఈ రెండర్థములలోను దేవుని ప్రసక్తి లేదు. సృష్టికర్తయగు ఈశ్వరుని ఒప్పుకొనని మీమాంసకులుండిరి. వేదమును ఒప్పుకొనుటచే వారు ఆస్తికులుగానే చెల్లుబాటైరి. శివుని తప్ప మరొకరిని ఎరుగక, యజ్ఞోపవీతమును వలదని, వేదాధికారమును ప్రక్కకు నెట్టిన కల్యాణ శరణులు మాత్రము ఆ మనుధర్మము ప్రకారము నాస్తికుల లెక్కలోనికే వత్తురు! (వీరశైవులలో వేదప్రామాణ్యమును పాటించు మార్గమును కలదు. మల్లికార్జున పండితారాధ్యుని దారి అట్టిది. ఆ చర్చ వేరు.) ఎనిమిదివందల ఏండ్ల క్రిందట ఏ మాటతో శరణులను దూషించియుందురో ఆ మాటనే నేడు వారి సంతతివారు మరొకరిపై విసరుచున్నారు. మాధవాచార్యుని పేర ప్రసిద్ధమైన సర్వదర్శనసంగ్రహము చార్వాకమతముతోనే ఆరంభమగును. వైదికుడైన ఆ పండితుడు తాను ఖండింపదలచిన వాని మాటకు తొలిపీట వేసెను. చెవియొగ్గి వినకుండ లేపి పంపు అలవాటు అతనికి లేదు.

తెలుగునేలపై నాస్తికుడన్నంతనే గుర్తుకు వచ్చు పేరు గోరా. గోపరాజు రామచంద్రరావు 1902లో బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. వృక్షశాస్త్రాధ్యాపకుడు. దేవునిగూర్చిన తన అభిప్రాయములను దాచనందున 1933లో కాకినాడలో కళాశాలాధ్యాపక పదవిని కోల్పోయెను. యజ్ఞోపవీతమును విడిచెను. 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో, భార్య సరస్వతి తోడుగా నాస్తికకేంద్రమును స్థాపించెను. 1947లో అది విజయవాడ పటమటకు మారెను. పున్నమినాడు అన్ని కులములవారిని ఒక్క పంక్తిలో కూర్చుండబెట్టి సహపంక్తి భోజనములు జరిపించెను. 1975లో కన్నుమూసెను.

ఆయన పెద్దకుమార్తె వివాహము మరువరానిది. ఆమెను దళిత యువకునికిచ్చి చేయ నిశ్చయించిరి. ఆ వివాహమును సేవాగ్రామములో తానే జరిపింతునని గాంధీ మహాత్ముడు మాట యిచ్చెను. వధువు తండ్రి నాస్తికుడు గనుక ప్రమాణములలో దేవుని పేరునకు బదులు సత్యము పేర చెప్పింతుననెను. పరమ రామభక్తుడైన ఆయనకు అందు చిన్నతనము తోచలేదు. 1948 జనవరి 30న మహాత్ముడు హతుడయ్యెను. ఆ మార్చి 13న ఆ వివాహము సేవాగ్రామములోనే జరిగెను.

ఇట్టి వివాహము కల్యాణకటకమునను జరిగినదని శరణ సంప్రదాయము. చెప్పులు కుట్టు హరళయ్య కుమారునికి, బ్రాహ్మణజన్ముడైన మధువరసు కుమార్తెకు శరణుల సమక్షమున పెండ్లి యయ్యెను. బిజ్జలుడు ఆ తండ్రు లిద్దరిని చంపించెను. కల్యాణము అల్లకల్లోలమై శరణులు చెల్లాచెదరైరి. ఆ త్యాగమును తలచుకొని ప్రతి బసవజయంతికిని కన్నీరు పెట్టని వక్త లేడు. అట్లు కన్నీరు పెట్టినవారి ఇండ్లలో హరళయ్య వంటి యింటికి పిల్లనిచ్చిన వారెందరు? లెక్క తీయ నక్కరలేదు. ఎవరి సంగతి వారికి తెలియును. ఎనిమిది శతాబ్దముల పిదప ఆ పనిని మరల చేసినవాడు మెడలో లింగము లేనివాడు, శివుడే లేడన్నవాడు. హరళయ్య నడచిన దారికి ఎవరు దగ్గర? నిత్యము మూడుమార్లు ఇష్టలింగపూజ చేసి, కుమార్తెకు శాఖాంతర సంబంధము వచ్చిననే ముఖము చిట్లించువాడా? పూజయే లేక ఆ పెండ్లి చేసినవాడా?

ఇందుచే నాస్తికత్వము నిజమని తేలదు. శరణునకు శివుడు ఊహ కాడు, అనుభవము. అరచేతిలోని లింగమును చూచుచు కన్నులు చెమ్మగిలినవానికి అది లేదని చెప్పు వాదము రుచింపదు. భక్తుని కన్నీటిని చూచి నవ్వు నాస్తికులు కొందరున్నారు. వారు చేయునదియు పంక్తినుండి లేపుటయే. తమ పంక్తి వేరు, అంతే. కాని వారి నవ్వునకు మఠము విస్తరి తీసివేసి బదులిచ్చుటకంటె, విస్తరి వేసి బదులిచ్చుట బసవన్న దాసోహమునకు తగియుండును.

“శాస్త్రమున భవి అను మాట యున్నది గదా! భవితో సహవాసము కూడదన్నారు గదా!” యని పెద్దలు అడుగుదురు. అడుగదగిన ప్రశ్న. శైవకావ్యములలో భవులను, పరమతస్థులను గూర్చి మిక్కిలి కఠినమైన మాటలున్నవి, లేవనుట అసత్యము. మత కలహములు పెచ్చుమీరిన కాలమున, రాజబలము ఎదుటనుండగా, చిన్న సమాజము తన్ను తాను నిలుపుకొనుటకు గీసికొన్న గీతలవి. భవి యనగా భవమునకు, అనగా సంసారమునకు కట్టుబడినవాడు. ఆ మాట ఒక అవస్థకు పేరు, ఒక జాతికి కాదు. అసూయతో వేగు లింగధారియు ఆ క్షణమున భవియే. ఇంతకు, బసవన్న ఎవరి కొలువున భండారియై యుండెను? శరణుల లెక్కలో భవియైన బిజ్జలుని కొలువున. సమకాలికులు అందుకు ఆయనను ఆక్షేపింపకపోలేదు. ఆయన కొలువు చేసెను, జీతము తీసికొనెను, ఆ ధనముతోనే దాసోహము సాగించెను. వచ్చినవానిని ఎవడు వీడు, ఎవరివాడు వీడు అని అడుగవలదనియు, మనయింటివాడే యని యెంచవలెననియు ఆయన బోధ. ఆ బోధను గోడలపై వ్రాయించుకొనని మఠము లేదు.

పంక్తినుండి లేచిన రెండవవారి సంగతి వేరు. యువకుడు తన ఆలోచనతో దూరముగా నిలిచినాడు. ఆ రెండవవారు ఎన్నడును దూరమగుటకు కోరుకొనలేదు. నిజము చెప్పవలెనన్నచో వారిలో భక్తి యితరులకంటె ఎక్కువగానే కనబడును. తెలంగాణ బోనాలలో బోనమెత్తువారు వారిలో నున్నారు. మల్లన్న జాతరలలో శివునే భర్తగా వరించి పసుపుబట్టలతో ఊగు శివసత్తులలోను ఇట్టివారు కలరు. కర్ణాటకమున ఎల్లమ్మకు సమర్పితులగు జోగప్పలున్నారు. జాతరనాడు వారి కాళ్ళకు మ్రొక్కుదురు, పసిబిడ్డను వారి చేతిలో పెట్టి దీవెన పొందుదురు. మరునాడు వారికి అద్దెకు గది యొసగువాడుండడు. దీవించు చేయి పవిత్రము, అన్నము తిను చేయి అపవిత్రము అనెడి ధర్మము ఏ ఆగమమున నున్నదో పెద్దలే చూపవలెను.

తెలుగు వ్యాకరణమునే చూడుడు. చిన్నయసూరి బాలవ్యాకరణమున శబ్దములను మహత్తులు, మహతులు, అమహత్తులని విభజించెను. ఏకవచనమున ‘వాడు’ పురుషునకు. ‘అది’ పశువునకు, రాతికి. వ్యాకరణము మేరకు స్త్రీకిని ఆ రూపమే. వీధిలో హిజ్రాను చూచి “అదిగో, అది వచ్చినది” యనునప్పుడు పలుకువాని మనస్సులో నున్నది స్త్రీత్వము కాదు, రాయియే. కాని ఆ భాషయందే ‘వారు’ అను బహువచనము కలదు. ‘వారు వచ్చిరి’ అన్నప్పుడు స్త్రీపురుష భేదము నిలువదు. గౌరవముతో పిలుచుటకు క్రొత్త మాట పుట్టింప నక్కరలేదు.

లింగమను మాట వీరశైవునకు ప్రాణము. ఆ మాటయే స్త్రీపుంభేదమును చెప్పుటకును వాడుకలో నున్నది. బసవన్నకు పూర్వుడైన జేడర దాసిమయ్య నేతపని చేసి బ్రతికిన శరణుడు. దేహచిహ్నములను బట్టి లోకము స్త్రీయనియు పురుషుడనియు పేరు పెట్టునే గాని, నడుమ మెలగు ఆత్మ ఆ రెండును కాదని ఆయన వచనము యొక్క సారము. శరణుడు సతి, లింగము పతి యనుట వీరశైవ సాధనకు మూలము. ఈ భావమున మీసమున్న ప్రతి భక్తుడును శివుని యెదుట వధువే. తన స్వామికొరకు ఒకపరి పురుషుడను, ఒకపరి స్త్రీని అగుదునని బసవన్నయే ఒక వచనమున పలికెను. అర్ధనారీశ్వరుని పటమునకు హారతి పట్టుచు, అట్టి భావము దేహమందే వ్యక్తమైన మనిషిని వాకిటినుండి తరుముట ఎట్టి పూజ? దీక్ష కోరి గురువు నొద్దకు అట్టివారు వచ్చినచో గురువు చూడవలసినది వారి శ్రద్ధను. దాసిమయ్య మాట నమ్మినవారు ఇంతకుమించి అడుగుటకు చోటు లేదు.

“వారు భిక్షాటనము చేయుదురు, కాయకము చేయరు” అనెడి ఆక్షేపణ వినబడును. కాయకమును కైలాసమన్న సమాజము ఈ మాట అనుటకు ముందు ఒక్కసారి ఆగవలెను. వారి చేతినుండి పనిని లాగుకొన్నదెవరు? బ్రిటిషువారు 1871లో చేసిన నేరజాతుల చట్టమున వీరికొరకు ప్రత్యేకముగా ఒక భాగమునే చేర్చి, పేర్లు పట్టికలకు ఎక్కించిరి. హైదరాబాదు రాజ్యమున 1329 ఫస్లీలో, అనగా 1919లో, అట్టి చట్టమే వచ్చెను. స్త్రీవేషముతో వీధిలో కనబడినను, బహిరంగముగా పాడినను, ఆడినను, వారంటు లేకయే పట్టుకొనుటకు దానిలో వీలుండెను. నిజాము పోయెను, రాష్ట్రములు మారెను, ఆ చట్టము మాత్రము పుస్తకములలో నిలిచియే యుండెను. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. అంతకుముందే, 2014 ఏప్రిల్ 15న, సర్వోన్నత న్యాయస్థానము వీరిని తృతీయ లింగముగా గుర్తించుచు తీర్పు చెప్పియుండెను. 2019లో పార్లమెంటు వీరి రక్షణకు చట్టము చేసెను. 2022లో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు చేరిరి. 2024 డిసెంబరులో ఆ నగరపు ట్రాఫిక్ పోలీసు శాఖ ఇట్టివారిని కూడళ్ళలో సహాయకులుగా నియమించెను. పని యిచ్చినచోట పని చేయుచున్నారు.

బళ్ళారి జిల్లాలో పుట్టిన మంజమ్మ జోగతి జీవితము ఇందుకు సాక్షి. మగపిల్లవానిగా పుట్టి, లోపల స్త్రీయని ఎరిగి, ఎల్లమ్మ జోగతియై, ఇంటికి దూరమై, బిచ్చమెత్తి, ఒకనాడు ప్రాణము తీసికొనుటకు సిద్ధపడిన మనిషి. జోగతి నృత్యము నేర్చుకొని దానినే కాయకముగా పట్టుకొనెను. 2019లో కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలయ్యెను. 2021లో పద్మశ్రీ బిరుదు స్వీకరించుటకు రాష్ట్రపతి భవనమునకు పోయినప్పుడు, చీరకొంగుతో రాష్ట్రపతికి దిష్టి తీసి దీవించెను. దేశమంతయు ఆ దృశ్యమును చూచి ముచ్చటపడెను. ఆ ముచ్చటపడిన వారిలో ఎందరి వాకిట అట్టి కొంగుకు ప్రవేశమున్నదో!

ఇక వారిలో కొందరు చేయు వృత్తులను గూర్చి ముక్కు మూసికొనువారు సూళె సంకవ్వను మరచినారు. వేశ్యావృత్తిలో నున్న స్త్రీ శరణులలో ఒకతె. ఆమె వచనము నేటికిని నిలిచియున్నది. ఆమెను తమ గోష్ఠికి దూరము చేయని శరణుల పేర నడచు మఠమున విస్తళ్ళు లెక్కపెట్టి లేపుట ఎక్కడి ఆచారము?

వచన సాహిత్యమునకు జీవితమును ధారపోసిన పండితుడు ఎం. ఎం. కల్బుర్గి 2015 ఆగస్టు 30న ధారవాడలో తన ఇంటి వాకిటనే తుపాకిగుండ్లకు కూలెను. రెండేండ్ల పిదప, 2017 సెప్టెంబరు 5న, బెంగుళూరులో పత్రికాసంపాదకురాలు గౌరీ లంకేశ్ కూడ తన ఇంటి ముందరనే అట్లే హతమయ్యెను. ఆమె లింగాయత కుటుంబమున పుట్టినది. దేవుని నమ్మని దానననుటకు ఏనాడును వెనుదీయలేదు. మరునాడు ఆమె దేహమును చామరాజపేటలోని లింగాయత రుద్రభూమికి కొనిపోయిరి. ఆమె నమ్మకమును మన్నించి కుటుంబమువారు మతకర్మలను వలదనిరి. మంత్రము లేకుండ, ప్రభుత్వ లాంఛనములతో, అచటి మట్టిలో ఆమెను ఉంచిరి. లింగము లేని ఆమెకు ఆ రుద్రభూమిలో చోటు దొరకెను.

తెలుగునాట ప్రతి ఊరను వీరశైవులకు రుద్రభూమి యున్నది, లేదా దానికొరకు అర్జీ యున్నది. నమ్మకము లేని కుమారుడు తండ్రి దేహమును మోయుటకు వచ్చినచో ఏమి చెప్పవలెనో, ఇల్లు వీడిన హిజ్రా బిడ్డ తల్లి కడచూపునకు చీరతో వచ్చినచో తలుపు ఎవరు తీయవలెనో, వారే మరణించినచో ఆ మట్టిలో చోటున్నదో లేదో, ఆ ఊరి పెద్దలు ఇప్పుడే కూర్చుండి మాటలాడుకొనుట మంచిది. శవము వాకిట నుండగా జరుగు చర్చలో గొంతు గలవాని మాటయే నెగ్గును. వచ్చు అక్షయతృతీయకు విస్తళ్ళు కుట్టించుటకు ముందు ఆ సంగతి తేలినచో, పప్పు వడ్డించువానికి కూడ ఎవరి విస్తరిని దాటవలెనో అను చింత తప్పును.